ఫైబర్ బాడీకి ఏ లప్పం, ఏ ప్రైమర్, ఏ రంగు?

మా జీపు ఫైబర్ టాప్‌కి ఒక డిసెంబర్‌లో నల్ల రంగు కొట్టించాను. షెడ్డు నుంచి బయటికి తెచ్చిన రోజు అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత మెరుపు. ఏప్రిల్ వచ్చేసరికి పక్కనుంచి చూస్తే టాప్ అంతా గోనెపట్టాలా గళ్లు గళ్లుగా తేలింది. వెనక మూల ఎప్పుడో చెట్టుకొమ్మ తగిలి పగిలితే అక్కడ లప్పం పెట్టారు. దాని అంచు పెనం మీద దోసెలా గుండ్రంగా బయటపడింది. రంగు మాత్రం ఎక్కడా ఊడలేదు. పెయింటర్‌ని అడిగితే "ఇంకో కోటు కొడితే సరిపోద్దండీ" అన్నాడు. కొట్టించాను. మరుసటి ఎండాకాలం మళ్లీ అవే గళ్లు, అదే దోసె.

రంగు మంచిదే. రేకు బాడీకి చేసే పనిని ఉన్నదున్నట్టు ఫైబర్ మీదకి దించేయడమే జరిగిన తప్పు. రేకుకి తుప్పు భయం. ఫైబర్‌కి ఆ భయం లేదు కానీ ఎండకి దానిలోని రెజిన్ (పోగుల్ని పట్టి ఉంచే జిగురు) కాస్త మెత్తబడుతుంది, లోపలి గాజు నేత మాత్రం అలాగే ఉంటుంది. ఆ తేడా పైకి గళ్లుగా కనబడుతుంది. దానికి తోడు డోర్ వేసినప్పుడు, గతుకుల్లో పడ్డప్పుడు ప్యానెల్ కొద్దిగా వంగుతుంది. అందుకే ఫైబర్ మీద పెట్టే ప్రతిదాన్నీ నేను రెండు ప్రశ్నలు అడుగుతాను: ఎండకి కుంగిపోతుందా, ప్యానెల్‌తో పాటు కదులుతుందా. ధర, కంపెనీ పేరు ఆ తర్వాతి మాట.

ముందు అది ఫైబరేనా?

మన దగ్గర కారు ముందు భాగం గుద్దుకుంటే "ఫైబర్ బంపర్ పోయింది" అంటాం. కంపెనీ నుంచి వచ్చే బంపర్లు దాదాపు అన్నీ పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. విప్పి లోపలివైపు చూస్తే పీపీ అన్న అక్షరాలు అచ్చై ఉంటాయి. దానికి ప్లాస్టిక్ ప్రైమర్, వంగే రకం లప్పం వేరే ఉన్నాయి. ఇక్కడ చెప్పేదేదీ దానికి పనికిరాదు. అనుమానం ఉంటే లోపలివైపు ఒక మూల గరుకు కాగితంతో రుద్ది చూడండి. ఫైబరైతే పొడి రాలుతుంది, చెయ్యి దురద పెడుతుంది. ప్లాస్టిక్ అయితే పొడి రాదు, నూగులా లేస్తుంది.

అసలు ఫైబర్‌లోనూ రెండు రకాలు. అచ్చులో జెల్‌కోట్ (బయటికి కనబడే నున్నని రెజిన్ పొర) కొట్టి, దాని మీద గాజుపోగుల మ్యాట్ పరిచి, బ్రష్‌తో రెజిన్ పట్టించి చేత్తో పేర్చేది ఒకటి. జీపు టాపులు, బాడీ కిట్లు ఎక్కువగా ఇలాంటివే. బెంగళూరులో సిపానీ వాళ్లు బ్రిటన్ రిలయంట్ కిట్టెన్ ఆధారంగా 1982లో తెచ్చిన డాల్ఫిన్‌ది కూడా ఫైబర్ బాడీయే. చేత్తో పేర్చిన ప్యానెల్‌కి బయటివైపు నున్నగా, లోపలివైపు గాజు పోగులతో గరుకుగా ఉంటుంది. రెండోది ఎస్.ఎం.సి. (షీట్ మోల్డింగ్ కాంపౌండ్), వేడి అచ్చుల మధ్య నొక్కి తీసేది. దానికి రెండువైపులా నునుపే. 1953లో 300 తెల్ల కార్లతో మొదలైన అమెరికా కార్వెట్ 1970ల నాటికి ఈ పద్ధతికి మారింది. ఎస్.ఎం.సి.కి మామూలు పాలిస్టర్ రెజిన్ సరిగా అంటదు. దాని మీద ఎపాక్సీ అనే వేరే రకం రెజినో, ఆ పనికోసం చేసిన జిగురో వాడాలి. మన షెడ్డుల్లో కనబడేది నూటికి తొంభైపాళ్లు మొదటి రకమే కాబట్టి ఇకమీదటి మాటంతా దాని గురించే.

మైనం సంగతి

కొత్త ఫైబర్ ప్యానెల్ అచ్చు నుంచి ఊడిరావడానికి అచ్చుకి మైనం పూస్తారు. అందులో కొంత ప్యానెల్‌కి అంటుకుని వస్తుంది. దాన్ని తుడవకుండా గరుకు కాగితం పడితే ఆ మైనాన్ని గీతల్లోకి మనమే రుద్దినట్టు. తర్వాత రంగు కొడుతుంటే చేపకళ్లలా చిన్న చిన్న గుంటలు పడతాయి, గన్‌లో గాలి బాలేదని అందరూ కంప్రెసర్‌ని తిడతారు. ముందు సబ్బునీళ్లు, ఆరాక మైనం తీసే ద్రావణంతో ఒక గుడ్డ తడిపి తుడిచి వెంటనే ఇంకో పొడిగుడ్డతో ఎత్తేయడం. గరుకు కాగితం ఆ తర్వాతే.

పాత రంగు తీయాలంటే రేకు మీద పోసే పెయింట్ రిమూవర్‌ని ఫైబర్ దగ్గరికి రానివ్వకండి. అది రంగుతో పాటు జెల్‌కోట్‌నీ తినేస్తుంది. ఓపికగా 80, 120 నంబర్ కాగితాలతో రుద్ది తీయడమే.

లప్పంలో ఏది?

షెడ్డులో అడిగితే పుట్టీ అంటారు, కొందరు పేస్ట్ అంటారు. డబ్బా ఒకేలా కనిపించినా లోపల సరుకు వేరు.

అందరూ వాడేది పాలిస్టర్ లప్పం. పాలిస్టర్ రెజిన్‌లో సుద్దలాంటి టాల్క్ కలిపి చేస్తారు, వెంట హార్డ్‌నర్ ట్యూబు వస్తుంది. ఫైబర్ బాడీది కూడా పాలిస్టరే కాబట్టి బాగా గీకిన చోట ఇది చక్కగా పట్టుకుంటుంది. త్వరగా గట్టిపడుతుంది, తేలిగ్గా రుద్దుడుకి వస్తుంది. చిన్న సొట్టలకి, వంపు సరిచేయడానికి ఇదే చాలు. మామూలు పనికి ఎపాక్సీ కావాలనేవాళ్లతో నేను ఏకీభవించను.

చెడేది కలిపే తీరులో. వంద గ్రాముల లప్పానికి రెండు గ్రాముల హార్డ్‌నర్, కాస్త అటూ ఇటూ. షెడ్డులో తూకం ఉండదు, వేలి పొడవున ట్యూబు నొక్కుతారు. చలికాలం పొద్దున ఆరడం లేదని ఇంకొంచెం నొక్కుతారు. ఎక్కువైన హార్డ్‌నర్ గట్టిపడటానికి ఖర్చవకుండా లోపలే మిగిలి, పైన కొట్టిన రంగులోకి ఊరి వస్తుంది. తెల్ల, లేత రంగు బండ్ల మీద మరక పడేది అందుకే. తక్కువైతే లప్పం రబ్బరులా ఉండిపోయి కాగితానికి చుట్టుకుంటుంది. మే నెల మధ్యాహ్నం మాత్రం కొలత సరిగ్గా ఉన్నా కలిపిన ముద్ద చేతిలోనే రాయైపోతుంది. ఆ రోజుల్లో పొద్దున ఎనిమిదింటికి ముందు పెట్టించండి, కోడిగుడ్డంత ముద్దకి మించి ఒకసారి కలపనివ్వకండి.

అట్టముక్క మీద కలపడం కూడా మనవాళ్లకి అలవాటు. అట్ట రెజిన్‌ని పీల్చుకుంటుంది. పాత అద్దం ముక్కో, స్టీలు ప్లేటో ఇవ్వండి. గిలక్కొట్టకుండా రోటీ పిండి మర్దించినట్టు నొక్కి నొక్కి కలపమనండి. గిలక్కొడితే గాలి చేరుతుంది, ఆ గాలే రుద్దినప్పుడు సూదిబెజ్జాలై తేలుతుంది.

ఇంకో అలవాటు నీళ్లు పోసి రుద్దడం. దుమ్ము లేవదు, కాగితం ఎక్కువసేపు వస్తుంది, నిజమే. కానీ పాలిస్టర్ లప్పంలోని టాల్క్ నీటిని పీలుస్తుంది. మీద ప్రైమర్ పడ్డాక ఆ తేమ ఎటూ పోలేక ఎండకి బుడగలై లేస్తుంది. లప్పాన్ని పొడిగానే రుద్దాలి. నీటి కాగితం ప్రైమర్ పడ్డాక వాడుకోవచ్చు. మా టాప్ మీద దోసె తేలడానికి కారణాల్లో ఇదొకటని నా లెక్క. ఆ రోజు పెయింటర్ పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని కూర్చున్నది నాకు గుర్తే.

రెండోది గాజుపోగులు కలిపిన లప్పం. చూడ్డానికి ఆకుపచ్చగానో బూడిదగానో, కొబ్బరిపీచు కలిసిన బంకమట్టిలా ఉంటుంది. మామూలు లప్పం కంటే బలం ఎక్కువ, నీటిని చాలా తక్కువ పీలుస్తుంది. అంచు విరిగిన చోట, బోల్టు రంధ్రం పెద్దదైన చోట, పగులుని గీకి లోతు చేసిన చోట దీన్నే పెట్టాలి. రుద్దడం మాత్రం నరకం. పైన పోగుల మధ్య గుంటలు మిగులుతాయి కాబట్టి దాని మీద పల్చగా మామూలు లప్పం తప్పదు.

ఎపాక్సీ లప్పం ఖరీదు ఎక్కువ, గట్టిపడటానికి గంటలు పడుతుంది, మేస్త్రికి విసుగు. కానీ నీరు తాకే చోట, జిగురుతో అతికించిన కీళ్ల దగ్గర, ఎస్.ఎం.సి. మీద దీనికి సాటి లేదు. ఎపాక్సీ రెజిన్‌లో మైక్రోబెలూన్ల (కంటికి ఆనని బోలు గోళీల) పొడి కలిపి ఇంట్లోనే చేసుకోవచ్చు, రుద్దడం కూడా తేలికవుతుంది. గట్టిపడ్డాక పైన ఒక జిడ్డు పొర తేలవచ్చు. అది రుద్దితే పోదు, మామూలు నీళ్లతో కడిగి ఆరాక రుద్దాలి. ఇంకో సంగతి: పాలిస్టర్ మీద ఎపాక్సీ ఎప్పుడూ పడుతుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ అన్నిసార్లూ పట్టదు. ఎపాక్సీ ప్యాచ్ మీద జెల్‌కోట్ కొడితే జిగటగానే ఉండిపోయే ప్రమాదం ఉంది. జెల్‌కోట్‌తోనే ముగించాలనుకుంటే కింద నుంచి పాలిస్టర్‌లోనే ఉండండి.

చివరిది ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పుట్టీ, ట్యూబులోనో చిన్న డబ్బాలోనో హార్డ్‌నర్ లేకుండా వచ్చేది. థిన్నర్ ఆరిపోతే గట్టిపడుతుంది, అంటే ఆరేకొద్దీ కుంగుతుంది. వారం తర్వాత కూడా కుంగుతూనే ఉంటుంది. రేకు మీద గోరు గీతకి సరే. ఫైబర్ మీద నా బండికి పెట్టనివ్వను. సూదిబెజ్జాలకి హార్డ్‌నర్ కలిపే మెత్తని ఫినిషింగ్ లప్పం దొరుకుతుంది, అదే తీసుకోండి.

ఏదైనా సరే, రెండు మూడు మిల్లీమీటర్ల మందం దాటుతోందంటే అది లప్పం చేసే పని కాదు.

పగిలితే వెనకనుంచి

పగులు ప్యానెల్ అవతలికి పోయిందో లేదో చూడాలంటే రాత్రిపూట లోపల టార్చి పెట్టి బయటినుంచి చూడండి. రంగు పల్చగా ఉంటే వెలుగు గీత కనబడుతుంది. వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది. బాగున్న చోట టక్ టక్ మంటుంది, పొరలు విడిన చోట డొల్లగా పలుకుతుంది.

అలాంటి చోట బయట ఎంత లప్పం పులిమినా వృథా. వెనకవైపు 40 లేదా 80 నంబర్ కాగితంతో మెరుపు పోయేదాకా గీకి, పగులు చుట్టూ బెత్తెడు మేర మ్యాట్ రెండు మూడు పొరలు వేయాలి, ఒక్కో పొర ముందుదాని కంటే కాస్త పెద్దది. ముందువైపు పగులుని "వి" ఆకారంలో తెరిచి పోగుల లప్పంతో నింపాలి. ఇక్కడ ఒక చిక్కుంది. మనకి దొరికే తెల్లని చాప్డ్ మ్యాట్‌లో పోగులు విడిపోకుండా ఒక బంధకం ఉంటుంది. అది పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్‌కి కరిగి మ్యాట్ మెత్తగా ఒదుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, మ్యాట్ బిర్రుగా లేచి నిలబడుతుంది. ఎపాక్సీ వాడేటట్టయితే నేత గుడ్డ తీసుకోండి.

ఈ పనికి కారు పెయింటర్ కంటే ఫైబర్ విగ్రహాలు చేసేవాళ్లు మేలని నా అనుభవం. తెనాలి వైపు ఉన్నవాళ్లకి అలాంటి చేతులు దొరకడం కష్టం కాదు. మ్యాట్‌లో గాలి లేకుండా రోలర్ తిప్పడం వాళ్లకి రోజూ చేసే పని.

మీరే చేసుకుంటే ఒక హెచ్చరిక. రెజిన్‌తో పాటు కోబాల్ట్, క్యాటలిస్ట్ అని రెండు సీసాలిస్తారు. ఆ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకూడదు, భగ్గుమని పేలుతుంది. ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో బాగా కలిపేసి, ఆ తర్వాతే క్యాటలిస్ట్. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం, కళ్లద్దాలు లేకుండా మూత తీయొద్దు. గాజు దురదకి వేడినీళ్లు పోసుకుంటే ఇంకా పెరుగుతుంది, చన్నీళ్లతో కడుక్కోండి.

జెల్‌కోట్ మీద సాలెగూడులా పడే సన్నని పగుళ్లది వేరే కథ. వాటి మీద ప్రైమర్ కొడితే నెలల్లో తిరిగి తేలతాయి. ఒక్కో గీతనీ తెరిచి నింపాలి, లేదా ఆ మేర జెల్‌కోట్ అంతా గీకేయాలి. దానికి ముందు ఆ గూడు మధ్యలో ఏముందో వెనక చూడండి. చాలాసార్లు అతిగా బిగించిన ఒక బోల్టు కనబడుతుంది. అక్కడ పెద్ద వాషరో రబ్బరో వేయకపోతే ఏ సరుకు పెట్టినా అంతే.

ప్రైమర్

ఇక్కడ పెద్ద చర్చ అక్కర్లేదు. ఎచ్ ప్రైమర్‌లోని ఆమ్లం లోహాన్ని కరిచి పట్టుకోవడానికి. ఫైబర్‌లో కరవడానికి ఏమీ లేదు, పైగా పాలిస్టర్ లప్పానికి ఆ ఆమ్లం పడదు. మొదట టూకే (హార్డ్‌నర్ కలిపి వాడే రకం) ఎపాక్సీ ప్రైమర్ ఒక కోటు. తేమని ఆపుతుంది, గట్టిగా పట్టుకుంటుంది. దాని మీద టూకే సర్ఫేసర్, అది నున్నగా రుద్దుకోవడానికి. మంచి స్థితిలో ఉన్న ప్యానెల్‌కి ఈ రెండూ చాలు.

మా టాప్‌లా నేత గళ్లు తేలినదానికి, గీకితే బెజ్జాలు విచ్చుకున్నదానికి గన్‌తో కొట్టే పాలిస్టర్ స్ప్రే ఫిల్లర్ మంచి మందు. ద్రవంగా ఉన్న లప్పం అనుకోండి. రెండు మిల్లీమీటర్లో అంతకన్నా పెద్దదో నాజిల్ కావాలి, మామూలు రంగు గన్‌లో పోస్తే గన్ పోయినట్టే. దాన్నీ పొడిగానే రుద్ది, పైన ప్రైమర్ వేయాలి.

ఏ మందుకైనా ముందు ఎండబెట్టడం ముఖ్యం. కొత్త ప్యానెల్‌ని రంగుకి ముందు రెండు మూడు వారాలు ఎండలో పడేయండి. రెజిన్ పూర్తిగా గట్టిపడుతుంది, కుంగేదేదో రంగుకి ముందే కుంగుతుంది. వంపు పోకుండా బండికే బిగించి ఉంచితే ఇంకా మంచిది. మన ఎండని తిట్టుకోవడమే కానీ ఈ పనికి అంత చౌకైన ఓవెన్ దొరకదు.

పై రంగు

ఎన్.సి. డ్యూకో రంగు త్వరగా ఆరుతుంది, పాలిష్‌కి మెరుస్తుంది, కానీ పెళుసు. వంగే ప్యానెల్ మీద కొన్నేళ్లలో ఎండిన చెరువు మట్టిలా పగుళ్లిస్తుంది. సింథటిక్ ఎనామెల్ చౌక, బ్రష్‌తోనూ వేయొచ్చు. పొలం జీపుకి తప్పు పట్టను. అయితే రేపు దాని మీద పీయూ (పాలీయూరితేన్) రంగు కొట్టాలనుకుంటే కిందిది ముడతలు పడి లేస్తుంది, మొత్తం గీకాల్సిందే.

టూకే పీయూ నా ఓటు. రంగూ మెరుపూ ఒకే కోటులో వచ్చే సింగిల్ స్టేజ్ అయినా, బేస్‌కోట్ రంగు మీద క్లియర్ అయినా ఎండకి, కదలికకి తట్టుకుంటుంది. ప్లాస్టిక్ బంపర్లకి కలిపే ఫ్లెక్స్ మందు మామూలు ఫైబర్ ప్యానెల్‌కి అక్కర్లేదు. పీయూ హార్డ్‌నర్‌లో ఊపిరితిత్తులకి చేటు చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, మూతికి కట్టే గుడ్డ వాటిని ఆపదు. ఇంటి వరండాలో కొట్టించాలన్న ఆలోచన మానుకోండి. బూత్‌లో కొట్టిస్తే ఓవెన్‌ని 60 డిగ్రీలు దాటించవద్దని ముందే చెప్పండి. పొరల మధ్య ఎక్కడైనా గాలి ఉంటే వేడికి ఉబ్బి బుడగై నిలుస్తుంది. నేనైతే వేడి పెట్టకుండా రెండు రోజులు ఆరనిస్తాను.

జెల్‌కోట్‌నే మళ్లీ కొట్టించడం మందంగా, మొండిగా ఉంటుంది. పడవలకి, పాత డాల్ఫిన్ లాంటివాటిని పుట్టినప్పటిలా చేయాలనుకునేవాళ్లకి సరే. గాలి తగిలే పైపొర జిగటగా మిగలకుండా అందులో మైనపు ద్రావణం కలపాలి, తర్వాత గంటలకొద్దీ రుద్ది పాలిష్ పట్టాలి. మిగతావాళ్లకి దండగ. సిరామిక్ కోటింగ్ ఏ గుంటనీ దాచదు, మెరుపుతో ఇంకా ఎత్తి చూపిస్తుంది. వినైల్ రాప్ కూడా అంతే, కింద నునుపు లేకపోతే ప్రతి బెజ్జమూ కనబడుతుంది. పైగా జెల్‌కోట్ ఎక్కడైనా వదులుగా ఉంటే పీకేటప్పుడు దాన్నీ తీసుకొస్తుంది.

రంగు విషయంలో నేను మొండివాణ్ని. తెలుపు, క్రీమ్, లేత బూడిద. ఎండలో నిలిపిన నల్ల ప్యానెల్ 70 డిగ్రీలు దాటుతుంది, మామూలు పాలిస్టర్ రెజిన్ మెత్తబడటం మొదలయ్యేది దాదాపు ఆ దగ్గర్లోనే. నలుపే కావాలంటే షెడ్డు కింద పెట్టుకునే బండికి వేయించుకోండి.

ఎవరికి ఏది

చేతిలో డబ్బు తక్కువ, బండి రోజూ తిరగాలి అంటే: వెనకనుంచి మ్యాట్, ముందు పాలిస్టర్ లప్పం పొడి రుద్దుడు, ఎపాక్సీ ప్రైమర్, సింగిల్ స్టేజ్ పీయూ లేత రంగు. ఖర్చు ఇలా క్లియర్ కోటు దగ్గర తగ్గించుకోండి, ఎపాక్సీ ప్రైమర్ దగ్గర తగ్గించొద్దు. పాత బండిని బాగుచేసి దాచుకునేవాళ్లు జెల్‌కోట్ పగుళ్లన్నీ తెరిచి, స్ప్రే ఫిల్లర్ కొట్టించి, నెలైనా ఆగి రంగుకి వెళ్లండి. కొత్త బాడీ కిట్ కొన్నవాళ్లు బిగించడంలో ఎక్కువ సమయం పెట్టండి. అంచులు బలవంతంగా లాగి స్క్రూ బిగిస్తే ఆరు నెలల్లో సాలెగూళ్లే.

మా టాప్‌ని మూడోసారి నేను పక్కన స్టూలేసుకుని కూర్చుని చేయించాను. మొత్తం గీకి, మూల దగ్గర వెనకనుంచి మూడు పొరల మ్యాట్ వేయించి, మార్చి నెలంతా ప్రైమర్ లేకుండా ఎండలో ఉంచి, వాన పడితే టార్పాలిన్ కప్పుకున్నాం. ఇప్పుడది క్రీమ్ రంగులో ఉంది. ప్యాచ్ ఎక్కడో బయటినుంచి నాకే తెలియదు. లోపల చెయ్యి పెడితే మాత్రం మ్యాట్ అంచు ఇంకా గరుగ్గా తగులుతుంది. మా ఆవిడ దాన్ని కూడా నున్నగా చేయించమంటుంది, చీర కొంగు అంటుకుంటోందట.